ప్రస్థానం సంచి

మా ఊళ్ళో ఆ రోజుల్లో కంప్యూటర్ అనే మాటకి ముందు ఏది తగిలించినా జనానికి వినబడేది కంప్యూటర్ ఒక్కటే. నేను క్వాంటం కంప్యూటింగ్‌లో పరిశోధన చేస్తానంటే, క్వాంటం అన్నది ఏదో కోచింగ్ సెంటర్ పేరనుకునేవాళ్ళు. తిరువూరు బస్టాండులో ఎవరు ఎదురుపడినా రెండే ప్రశ్నలు. జావా వచ్చా, హైదరాబాద్ ఎప్పుడు వెళ్తున్నావు. నాకసలే ముక్కు మీద కోపం. రాదండి, వెళ్ళనండి అని రెండు ముక్కల్లో తేల్చేసి వచ్చేదాన్ని. నేను ఇల్లు చేరేలోపే ఆ కబురు అమ్మకి చేరేది. పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని అమ్మ సాధించేది. మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాయన ఒకసారి ఇంటికే వచ్చి, అమ్మాయికి ఎలాగూ కంప్యూటర్లు వచ్చు కదా, పిల్లలకి టైపింగ్ నేర్పకూడదా అని నాన్నని అడిగాడు. నేను చదివే కంప్యూటర్‌ని నేనింకా చూడలేదండి, అసలు పనికొచ్చేలా ఎవరూ తయారుచెయ్యలేదు అన్నాను. ఆయన నాన్న వైపు జాలిగా చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ జాలిలో తప్పేం లేదు. రెండువేల తర్వాతి మొదటి సంవత్సరాలవి. క్వాంటం కంప్యూటింగ్ సంగతి నాకు తెలిసిందే అనుకోకుండా. విజయవాడలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నప్పుడు ఎక్కడి నుంచో ఒక ప్రొఫెసర్ వచ్చి మా కాలేజీలో గంటసేపు మాట్లాడారు. మామూలు కంప్యూటర్లో బిట్టు అనేది సున్నా అయినా కావాలి, ఒకటి అయినా కావాలి. అదే ఒక ఎలక్ట్రాన్‌ని బిట్టుగా వాడుకుంటే, కొలిచేదాకా అది సున్నా, ఒకటి రెండూ కలిసిన స్థితిలో ఉండగలదు, ఆ స్థితితోనే లెక్కలు చెయ్యొచ్చు అన్నారాయన. అందులో నాకు అర్థమైంది పావు వంతు. ఆ పావు వంతే నన్ను పట్టుకుని వదల్లేదు. చదువైపోయాక ఇంటికొచ్చి, ఊళ్ళోనే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సాయంత్రాలు నెట్ సెంటర్‌కి పోయి ఆ విషయం మీద దొరికిన పేపర్లన్నీ దించుకునేదాన్ని. ఫోన్ లైను మీద నడిచే నెట్టు. సగం వచ్చాక లైను కట్టయితే మళ్ళీ మొదటికొచ్చేది. సెంటర్ నడిపేవాడు మంచివాడు. వాడేసిన కాగితాల వెనక వైపు ప్రింటు తీసిచ్చేవాడు. అలా నా మొదటి క్వాంటం పాఠాలకి అవతలి వైపు ఎవరివో ఎంసెట్ ర్యాంకులు, ఎవరివో జాతకాలు ఉండేవి.

ఆ కాగితాలు ఒక్కదాన్నే కూర్చుని చదివితే బుర్రకెక్కేవి కావు. ఇంకొకరికి చెబితే గానీ నాకు అర్థం కాదు, చిన్నప్పటి నుంచీ అంతే. వినడానికి ఊళ్ళో నాకు దొరికిన ఒకే ఒక్క మనిషి మాస్టారు. హైస్కూల్లో నాకు ఫిజికల్ సైన్స్ చెప్పి, రిటైరై, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవారు. రెడ్డిగూడెం వైపు వాళ్ళకి మామిడి తోట ఉంది గానీ, ఆయన ధ్యాస తోట మీద కన్నా వాదన మీద ఎక్కువ. స్కూల్లో ఏ లెక్క ఇచ్చినా ముందు సుద్దముక్క ముట్టుకోనిచ్చేవారు కాదు. తెలిసినదేంటో చెప్పు, తెలియనిదేంటో చెప్పు, ఆ తర్వాతే బోర్డు దగ్గరికి రా అనేవారు. ఆ రెండూ పైకి చెప్పలేనివాడికి లెక్క చేసే అర్హత లేదని ఆయన సిద్ధాంతం.

నేను కాగితాలు పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాక ఆయన ఇంటర్ పిల్లల లెక్కల పుస్తకం తెప్పించుకుని, మాత్రికలు మళ్ళీ మొదటి నుంచి చేశారు. రోజూ సాయంత్రం వరండాలో నేను చదివి చెప్పడం, ఆయన అడ్డు తగలడం. మామ్మగారు, అంటే మాస్టారి భార్య, జంతికల పళ్ళెం మా మధ్య పెట్టి, ఆ లేని కంప్యూటర్ని మీరిద్దరూ ఎప్పటికి చేస్తారని నవ్వేది. ఆయన అసలు పేచీ ఒక్క దగ్గరే. కొలవక ముందు ఆ బిట్టు రెండూ కలిసి ఉంటుందన్న మాట ఆయనకి మింగుడు పడలేదు.

"మామిడికాయ తియ్యదో పుల్లదో కోసేదాకా మనకి తెలీదు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన కోసేదాకా అది రెండూనా? నీకు తెలియకపోవచ్చమ్మా, కాయకి తెలుసుగా" అన్నారు ఒకరోజు.

కాయకి కూడా తెలియదండి, తెలియడానికి అక్కడింకా ఏదీ తేలలేదు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. అలా పెట్టారంటే ఆ సాయంత్రానికి ఇక పాఠం లేదని, యుద్ధమేనని అర్థం. ఏ వస్తువైనా ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి, ఏదో ఒకటి అయ్యుండి తీరాలి అన్నది ఆయన పట్టు. ఆ కాయకి జవాబు చెప్పడం కోసం నేను ఎన్ని పేపర్లు చదివానో. మనకి తెలియకపోవడం వేరు, ప్రకృతిలోనే తేలకపోవడం వేరు. ఆ రెంటికీ తేడా లెక్కల్లో ఎక్కడ బయటపడుతుందో నాకు పట్టుబడింది ఆ వరండాలోనే. ఆయనకి మాత్రం పట్టుబడలేదు, లేదా పట్టుబడినా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మర్నాటి నుంచి వాదనకి ఏం మిగులుతుందని భయమేమో అనుకునేదాన్ని.

అలా రెండేళ్ళు గడిచాక చెన్నైలో ఒక పరిశోధన సంస్థ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. నేను చదువుకున్న పేపర్లలో కొన్నిటిని రాసినవాళ్ళు అక్కడే ఉన్నారు. ఆ పిలుపు నాకెంత ముఖ్యమో ఇంట్లో అందరికీ తెలుసు. నాకు పెళ్ళి సంబంధాలు చూడమని చుట్టాలు మా నాన్న చెవిలో జోరీగల్లా రొద పెడుతున్నారు. ఈ ఒక్క ప్రయత్నం అవనివ్వండి అని ఆయన అందరినీ ఆపుతున్నారు. ఇది కాకపోతే ఇంకోసారి ఆపే బలం ఆయనకీ లేదు, అడిగే ముఖం నాకూ లేదు.

మాస్టారికి నాకన్నా తొందర ఎక్కువైపోయింది. భుజం మీద తువ్వాలు వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషిలా ఇంగ్లీషులో ప్రశ్నలు వేసేవారు. నేను తడబడితే తెలుగులోకి దిగి తిట్టేవారు. తెలిసినదేంటి, తెలియనిదేంటి, అక్కడ కూడా అలాగే మొదలుపెట్టు, ఎవరేమనుకున్నా సరే అని పదిసార్లు చెప్పారు.

ఇంటర్వ్యూ శుక్రవారం ఉదయం. గురువారం మధ్యాహ్నం బస్సులో విజయవాడ వెళ్ళి, సాయంత్రం రైలెక్కాలి. మా నాన్న గుళ్ళో అర్చకులు, ఊళ్ళో సగం మందికి ముహూర్తాలు పెట్టేది ఆయనే. పంచాంగం తీసి, గురువారం దక్షిణానికి వారశూల, ఆ రోజు అటు ప్రయాణం కూడదు అన్నారు. రైలుకి శూలలు తెలియవు నాన్నా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. బుధవారం ఉదయం మంచి గడియ ఉంది, ప్రస్థానం పెడదాం అన్నారు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. మంచి గడియలో మనిషి బయల్దేరడం కుదరకపోతే, ఆ ప్రయాణానికి అవసరమైన వస్తువు ఏదైనా ఆ గడియలో తీసుకెళ్ళి, వెళ్ళే దిక్కులో ఉన్న ఇంకొకరి ఇంట్లో పెడతారు. ఇక మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వీలైతే అప్పుడు ఆ వస్తువు తీసుకుని అటు నుంచి అటే వెళ్ళిపోవాలి. దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. ప్రయాణమయ్యే దాకా ఆ ఇంటికి పోయి కబుర్లు చెప్పకూడదు, వాళ్ళు కూడా మనిషిని వెనక్కి పిలవకూడదు. పిలిస్తే పెట్టిన ప్రస్థానం చెడినట్టే.

నేను ఇంకా వాదించి ఉండేదాన్నే. కానీ నా ఫిజిక్సులో నాన్న చెయ్యగలిగిన సాయం ఏమీ లేదు. ఆయనకి తెలిసిన విద్యలో ఆయన ఇది చేస్తానంటున్నారు. సరే అన్నాను. నా సర్టిఫికెట్లూ, ఇంటర్వ్యూకి రమ్మన్న కాగితమూ ఒక గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చాను. మాస్టారిల్లు మాకు దక్షిణంగానే ఉంది, ఇక వేరే ఇల్లు వెతకాల్సిన పనే లేకపోయింది.

బుధవారం ఉదయం నాన్నా నేనూ కలిసి వెళ్ళాం. మాస్టారు రెండు చేతులా సంచి అందుకుని, మంచం పక్కన కుర్చీలో పెట్టారు. గొంతు కాస్త బొంగురుగా ఉంది. తోటలో వానకి తడిశానన్నారు. నాన్న గుమ్మం దాటాక నన్ను ఆపి, సంచిని చూపించి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

"నువ్వు ఇక్కడే ఉన్నావు, వెళ్ళిపోయావు కూడా. నీ కాగితాల్లో ఉన్నది ఇదేనా?"

అచ్చంగా ఇదే కాదు గానీ, ఇన్నాళ్ళకి మీరు దాని దగ్గరదాకా వచ్చారు అన్నాను. ఏదో ఒకటి, ఇవాళ్టికి ఒప్పుకుంటున్నానన్నారు. రెండేళ్ళలో ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. వెళ్ళినదానివి ఇక రాకు, రేపు సంచి కోసమే రా అని ఆయనే గేటు వేశారు.

ఆ సాయంత్రం నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ వేళకి కాళ్ళు వాటంతట అవే అటు నడుస్తాయి. గుమ్మంలో నిలబడితే మాస్టారి దగ్గు వినబడింది. మిరియాల కషాయం పట్టుకెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, తనే పట్టుకెళ్ళి వచ్చింది. కాస్త జ్వరం ఉంది, పడుకున్నారు అని చెప్పింది. నేను లోపలికొచ్చి, చదివిన కాగితాలే మళ్ళీ చదువుతూ కూర్చున్నాను.

గురువారం పొద్దున్న అమ్మ అన్నం వార్చి ఇస్తే, దారిలోకి పులిహోర నేనే కలిపాను. తలస్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, డబ్బా మూత పెడుతుండగా కేక వినబడింది. అది మామ్మగారి గొంతు. ఆవిడ గొంతు ఎత్తడం నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. అమ్మ నా మొహం వంక చూసింది. నాన్న అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

మేం వెళ్ళేసరికి గేటు దగ్గర నలుగురైదుగురు చేరారు. జ్వరం కాదు, గుండె అన్నారు ఎవరో. నేను వీధిలో నిలబడిపోయాను. నా సంచి లోపల, ఆయన మంచం పక్కన కుర్చీలో ఉంది. మా నాన్న చావింట్లోకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. గుళ్ళో చేసే మనిషి, అలాంటి ఇంటి ఛాయలకి పోరు. వీధిలో శవం ఉన్నంతసేపూ గుడి తలుపులే తియ్యరు. శూల ఉందని ఒకరోజు ముందే సంచిని సాగనంపిన మనిషి, ఆ ఇంట్లో ఇప్పుడు శవం పక్కన ఉన్న ఆ సంచిని ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు. ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు. లోపలికి వెళ్ళి, సంచి తెచ్చి, నా చేతిలో పెట్టారు.

నేను ఒకసారి చూసి వస్తానన్నాను. ఆయన గేటుకి అడ్డంగా నిలబడ్డారు.

"వద్దమ్మా. చూశావంటే ఇక వెళ్ళవు. వెళ్ళాలి నువ్వు."

ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అప్పుడు ఆయనతో వాదించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. చిన్న చిన్న వాటన్నిటికీ వాదించేదాన్ని, అప్పుడు మాత్రం సంచి పట్టుకుని వెనక్కి తిరిగాను. అమ్మ నా బట్టల బ్యాగులో పులిహోర డబ్బా పెట్టి తెచ్చి భుజానికి తగిలించింది. బస్సు మైలవరం దాటే దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటులో ఉన్నావిడ, అత్తారింటికా అమ్మా అని అడిగింది. అవునన్నాను, ఇంకేం చెప్పే ఓపిక లేక. విజయవాడ స్టేషన్లో డబ్బా మూత తీసి, వాసన తగలగానే మళ్ళీ మూసేశాను.

ఇంటర్వ్యూలో, తెలియని క్వాంటం స్థితికి ఇంకో నకలు తియ్యలేమని బోర్డు మీద నిరూపించమన్నారు. ఈ చదువులో అది అందరూ మొదట్లోనే నేర్చుకునే విషయం. సుద్దముక్క అందుకోబోయి ఆగి, తెలిసినదేంటి, తెలియనిదేంటి అని పైకే, తెలుగులోనే అన్నాను. ఎదురుగా ఉన్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. తర్వాత రాశాను, తప్పు పోలేదు. ఇది ఎవరి దగ్గర చదువుకున్నావని అడిగారు. మా హైస్కూలు మాస్టారి దగ్గర అన్నాను. ఏ సంస్థ పేరో చెబుతానని వాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు. ఆయన నిన్న పోయారండి అన్నాను. ఒకాయన మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపారు.

సాయంత్రం పిలిచి, వచ్చే నెలలో చేరమన్నారు. బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఎత్తారు. వచ్చిందని చెప్పాను. మంచిది అన్నారు. తర్వాత, మాస్టారిని నిన్న సాయంత్రమే తీసుకెళ్ళిపోయారమ్మా అన్నారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కబురూ, వినకూడదనుకున్న కబురూ ఒకే ఫోన్లో అయిపోయాయి. బయట నిలబడి, ఇప్పుడు నేను సంతోషించాలి కదా అనుకున్నాను. ఎంత వెతికినా ఆ సంతోషం దొరకలేదు.

తిరిగొచ్చాక మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. వరండాలో ఆయన కుర్చీ గోడకి తిప్పి ఉంది. ఇంటర్ లెక్కల పుస్తకం కిటికీలో అలాగే ఉంది. నేను ఏదో అనబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. ఉద్యోగం వచ్చిందటగా, ఆయన వినుంటే ఊరంతా తిరిగి చెప్పేవారు అంది. చీర చెంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ, చివరికి చెప్పింది.

"ఆ రోజు పొద్దున్న నిన్ను అడిగారమ్మా. అమ్మాయిని ఒకసారి పిలువు, ఒకటి అడగాలి అన్నారు. ప్రస్థానం పెట్టిన పిల్లని వెనక్కి ఎలా పిలవను? అంత పెద్ద పనికి వెళ్తున్నావు, నా మూలంగా చెడుతుందని భయమేసింది. వెళ్ళిపోయిందిగా, సంచి మన ఇంట్లోనే ఉందిగా అన్నాను."

ఆయనేమన్నారని అడిగాను.

"సంచి వంక చూసి, అవునుగా, వెళ్ళిపోయింది అన్నారు. ఇంకేం అనలేదు. నేను తప్పు చేశానా అమ్మా?"

లేదు మామ్మగారూ అన్నాను. ఆవిడ నా మంచి కోరే ఆ మాట చెప్పింది. నాన్న నా మంచి కోరే సంచి పెట్టించారు. మాస్టారు నా మంచి కోరే గేటు వేశారు. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఎవరి మీదో ఒకరి మీద నిలబెట్టుకుందామని చూశాను, అది ఎవరి మీదా నిలవలేదు. నిలిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ మాట ఇంట్లో నేను చెప్పలేదు. నాన్నకి ఎలా తెలిసిందో తెలియదు, తెలిసింది. తర్వాత కూడా ఆయన ఊళ్ళోవాళ్ళకి ముహూర్తాలు పెట్టారు, ఎవరైనా అడిగితే ప్రస్థానాలూ పెట్టించారు. నా ప్రయాణాలకి మాత్రం మళ్ళీ ఎప్పుడూ పంచాంగం తియ్యలేదు. చెన్నైలో చేరడానికి బయల్దేరిన రోజు ఏ వారమో, ఏ దిక్కో కూడా చూడలేదు. జాగ్రత్త అని మాత్రం అన్నారు.

చేరాక మొదటి నెలల్లో నాకు ఇచ్చింది ఒక బల్ల, ఒక తెల్లబోర్డు, చదవమని ఒక కట్ట పేపర్లు. క్వాంటం కంప్యూటర్ అక్కడ కూడా లేదు. మామూలు కంప్యూటర్ మీదే, నాలుగైదు బిట్లు ఉన్నట్టు ఊహించుకుని లెక్కలు చేసేవాళ్ళం. అందులో సగం పేపర్లు నేను వరండాలో చదివినవే. కొత్త కాగితాల మీద, రెండు వైపులా శుభ్రంగా ప్రింటై ఉండేవి. వెనక్కి తిప్పి చూస్తే ఎవరి ర్యాంకులూ లేవు. ఏదైనా కొత్తగా అర్థమైన ప్రతిసారీ, సాయంత్రం ఎవరికి చెప్పాలా అని ఒక్క క్షణం లేచేదాన్ని. మళ్ళీ కూర్చునేదాన్ని.

ఇప్పుడు నేనే పిల్లలకి పాఠం చెబుతున్నాను. కొలవక ముందు ఆ బిట్టు ఏ స్థితిలో ఉందో అన్న దగ్గరికి వచ్చేసరికి మామిడికాయ సంగతి చెబుతాను. కాయకి తెలుసుగా అని మాస్టారి తరఫున నేనే వాదిస్తాను, ఆ తర్వాత నా తరఫున జవాబు చెబుతాను. పిల్లలు నవ్వుతారు. ఒకసారి ఒకమ్మాయి లేచి, రెండూ కలిసి ఉండడానికి మన జీవితంలోంచి ఇంకో ఉదాహరణ ఉందా మేడం అని అడిగింది. ఇక్కడే ఉండి, వెళ్ళిపోయి కూడా ఉండడం. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లేదమ్మా అని చెప్పి పాఠం ముందుకు నడిపాను.

చెప్పకూడని రహస్యం కాదది, తప్పు ఉదాహరణ. ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి నా మాట ఒప్పుకున్నారు, అది కూడా తప్పు చోట ఒప్పుకున్నారు. దగ్గరదాకా వచ్చారని నవ్వుతూ ఊరుకున్నానే గానీ, ఇది అది కాదు మాస్టారూ అని ఆ గుమ్మంలోనే తేల్చి చెప్పలేదు. ఆయన పట్టే నిజం. మనిషి ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. ఆ గురువారం పొద్దున్న నేను రెండు చోట్లా లేను. మూడిళ్ళ ఇవతల, మా వంటింట్లో, పులిహోర కలుపుతున్నాను. పిలిస్తే వినబడేది.